కారు వెనకాల పొయ్యి

“కారు ఎనకాల పొయ్యుండీది బావూ! బొగ్గులేసి ఇసిరితే గానీ అది కదిలీది కాదు” అన్నది మామ్మగారు.

పక్కనే నిలబడ్డ మనవలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దవాడు నా పూర్వ విద్యార్థి. నన్ను చాటుకు తీసుకువెళ్ళి, “ఏమీ అనుకోకండి మాస్టారూ! మామ్మకు ఎనభై నాలుగేళ్ళు. ఇంట్లో వంట పొయ్యి, మా ముత్తాతగారి కారు ఆవిడ జ్ఞాపకంలో కలిసిపోయాయి. నా చిన్నప్పటినుంచీ ఇదే పాట. మేము నవ్వేసి ఊరుకుంటాం” అని సర్దిచెప్పాడు.

నేనూ అప్పుడు నవ్వినవాడినే. ఆ నవ్వుకు ప్రాయశ్చిత్తంగానే ఈ వ్యాసం రాస్తున్నాననుకోండి.

పలాసనుంచి వజ్రపుకొత్తూరు వైపు వెళుతూ ఉంటే రోడ్డుకు అటూ ఇటూ జీడితోటలు, వాటి వెనక కొబ్బరి, మధ్య మధ్య పనసచెట్లు, ఆ పైన సముద్రపు గాలి — అదీ ఉద్దానం. ‘ఉద్యానవనం’ అన్న మాటే అలా మారిందని మా ప్రాంతంలో చెప్పుకుంటారు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తీరంమీదే విరుచుకుపడ్డది. తాతలనాటి కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపడ్డాయి. నా శిష్యుడి తోటలో ఒక పాతపాక కూడా కూలింది. శిథిలాలు తీస్తూ ఉంటే కమ్మల కింద, ఎండు కొబ్బరిడొక్కల కింద ఏళ్ళ తరబడి మరుగున ఉన్న మోటారుకారు బయటపడ్డది. టాపు మడిచే రకం పాతకాలపు కారు. ఇంటివాళ్ళకు అది ఉన్నదని తెలుసు. ఆకారం మాత్రం మరచిపోయారు.

ఆ తర్వాత మూడు నాలుగేళ్ళపాటు దాని జోలికి ఎవరూ పోలేదు. తోటలు మళ్ళీ నిలబెట్టుకోవడమే సరిపోయింది. పైగా నా శిష్యుడి తండ్రికి కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఆ మాట వినని గడప లేదు. డయాలిసిస్ ప్రభుత్వ కేంద్రంలో ఉచితమే గాని, వారం వారం తిరిగే తిరుగుడు, తిండి కట్టుబాట్లు, మందులు, మనిషి పని మానుకుని కూర్చోవడం — వీటికి ఖర్చు ఉండనే ఉన్నది. అందుకని 2022 వేసవిలో కారును అమ్మేద్దామనుకున్నారు. విశాఖపట్నంనుంచి పాతకార్లమీద మోజున్న పెద్దమనిషి ఒకరు వచ్చి చూశారు. కారుచుట్టూ రెండుసార్లు తిరిగి, పెదవి విరిచారు. “ఇది మూసినకారును కోసి తెరిచినకారుగా చేసినట్టున్నది. వెనకాల ఏవో ఇనుపకమ్ములు బిగించారు. తలుపు ఒకటి మూసేశారు. బాడీ అంతా పాడుచేశారు. పాత ఇనుము ధరకంటే కాస్త ఎక్కువ ఇస్తాను” అన్నారట.

అప్పుడు నా శిష్యుడికి నేను గుర్తుకు వచ్చాను. నేను తెలుగు చెప్పుకునేవాడిని. మోటార్లతో నాకేమి సంబంధమని మీరు అడగవచ్చు. నేనూ అదే అడిగాను. “మీరు తాళపత్రాల్లో ఏది అసలు పాఠమో, ఏది ప్రక్షిప్తమో కనిపెట్టడం గురించి క్లాసులో చెప్పేవారు గదా మాస్టారూ! దీన్నికూడా ఒక తాళపత్రం అనుకోండి” అన్నాడు. పాఠం చెప్పినవాడికి పాఠం అప్పగించడమంటే ఇదే.

కొలతలిచ్చి కుట్టించుకున్న కార్లు

ఈ తరంవారికి ఒక సంగతి ముందుగా చెప్పాలి. ఇప్పుడు కారంటే ఇంజనూ, చట్రమూ, పైబాడీ ఒకే ఫ్యాక్టరీలో ఒకే వస్తువుగా తయారై వస్తుంది. నూరేళ్ళ క్రితం అలా కాదు. ఖరీదైన కార్ల విషయంలో కంపెనీవాడు ఇంజను, చక్రాలు, చట్రం మాత్రమే ఇచ్చేవాడు. వాటిమీద బాడీని వేరే కంపెనీచేత కట్టించుకోవాలి. అంతకుముందు గుర్రపుబగ్గీలు కట్టినవాళ్ళే చాలామంది ఈ పనిలోకి దిగారు. మద్రాసులో 1840లో మొదలైన సింప్సన్ కంపెనీ అలా బగ్గీలనుంచి మోటార్లకు వచ్చినదే. దర్జీకి కొలతలిచ్చినట్టు బాడీకి కొలతలిచ్చేవారన్నమాట.

మన తెలుగునాట ఇందుకు గొప్ప నిదర్శనం హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్నది. అది 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్‌ఘోస్ట్. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దానికి ఆర్డరిచ్చారు. కారు చేతికందకముందే 1911లో ఆయన కాలం చేశారు. అది ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు వచ్చింది. లండన్‌లోని బార్కర్ కంపెనీవారు దానికి బాడీ కట్టారు. పసుపుపచ్చని రంగు. వెనకసీటు సీటు కాదు, సింహాసనం. ఊరేగింపులో ప్రభువు జనానికి కనిపించాలని మిగతా సీట్లకంటే ఎత్తుగా అమర్చారు. ఇంత చేసి, ఆ కారు తిరిగింది కొద్ది వందల మైళ్ళు మాత్రమే. చూడబోయినవారు ఆ సీటు ఎత్తును గమనిస్తే చాలు, ఏ పనికోసం చేసిన కారో ఎవరూ చెప్పనక్కరలేకుండా తెలిసిపోతుంది.

వేడుకకోసం చేయించినవీ ఉన్నాయి. 1910లో కలకత్తాలో ఉన్న మాథ్యూసన్ అనే ఇంగ్లీషు ధనికుడు ఇంగ్లండులోని బ్రూక్ కంపెనీచేత హంస ఆకారంలో ఒక కారు చేయించాడు. ముందువైపు హంస తల, మెడ. ముక్కులోనుంచి నీళ్ళు చిమ్మే ఏర్పాటు. అది కలకత్తా వీధుల్లోకి వస్తే జనం విరగబడి చూశారట. ఇప్పుడది హాలండులో ఒక మ్యూజియంలో ఉన్నది.

పెద్దల కార్ల కథలు ఇలా పుస్తకాల కెక్కాయి. పాకల్లో ఉన్న కార్ల కథలను మాత్రం వాటి ఒంటిమీదే చదువుకోవాలి.

అసలు ప్రతి ఏది?

పలాసలో నాకు తెలిసిన ముసలి మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. లారీల మరమ్మతులో జుట్టు నెరిసినవాడు. ఆయన్ను వెంటబెట్టుకుని ఒక ఆదివారంనాడు వెళ్ళాను. నా చేతిలో ఒక భూతద్దం, ఒక నోటుబుక్కు, మా ఇంటి ఫ్రిజ్జుమీదినుంచి పీకిన అయస్కాంతం, అంతే సరంజామా.

ముందు తేలవలసింది కారు జాతకం. ఇంజను పక్కన పోతలో ఉన్న తుప్పును మేస్త్రీ బ్రష్షుతో రుద్దితే, అంకెల ముందు ‘సి.ఎ.’ అన్న అక్షరాలు బయటపడ్డాయి. ఫోర్డు కంపెనీ మోడల్ ఎ కారు అది, కెనడాలో తయారైన రకం. అమెరికా బండ్లకు స్టీరింగు ఎడమవైపు. మనవంటి దేశాలకు కుడివైపు స్టీరింగు పెట్టి కెనడానుంచే పంపేవారు. సంఖ్యనుబట్టి 1929 నాటిదని తేలింది. 1927 చివరనుంచి 1931 వరకూ ఈ మోడలు బండ్లు సుమారు 48 లక్షలు తయారయ్యాయి. నాలుగు సిలిండర్లు, 40 గుర్రాల బలం. దీని విచిత్రం ఒకటి — పెట్రోలుట్యాంకు ముందుఅద్దానికి ఎదురుగా, ప్రయాణికుల మోకాళ్ళమీదుగా ఉంటుంది. పంపు అక్కరలేకుండా పెట్రోలు దానంతటదే కిందికి దిగుతుంది.

ఇక ఆ పెద్దమనిషి అన్న మొదటి మాట: మూసినకారును కోసి తెరిచారా? ఇది పట్టుకోవడం మనం అనుకున్నంత కష్టం కాదు. మూసినకారు తలుపులో అద్దం కిందికి దిగాలి. కాబట్టి తలుపు పైఅంచున పొడుగునా చీలిక ఉంటుంది. కప్పును మోసే కంబాలు ఉంటాయి. కప్పు కోసేసినా వాటి మొదళ్ళు తలుపుల మధ్య మిగిలిపోతాయి. ఆ మొదళ్ళను సీసంతోనో, పుట్టీతోనో నింపి రంగువేసి ఉంటే కంటికి కనిపించవు. అయస్కాంతం మాత్రం మోసపోదు. ఇనుముమీద గట్టిగా అంటుకున్నది కాస్తా పుట్టీమీదికి రాగానే జారిపోతుంది.

మా ఫ్రిజ్జు అయస్కాంతం ఆ కారు నడుం చుట్టూ ఎక్కడా జారలేదు. తలుపుల అంచున అద్దం చీలిక లేదు. దానికి బదులు చిన్న చిన్న గుండ్రని రంధ్రాలున్నాయి. వాన వచ్చినప్పుడు పక్కతెరల కమ్మీలు గుచ్చుకునే రంధ్రాలవి. ముందుఅద్దం చట్రంకూడా కోసినది కాదు, మరలతో బిగించినది. అంటే ఇది పుట్టుకతోనే తెరిచిన బండి. నాలుగు తలుపుల ‘ఫేటన్’ రకం. అసలు ప్రతి చేతికి దొరికింది. ఇక మిగిలినవన్నీ ప్రక్షిప్తాలు. వాటిని ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేర్చారన్నదే ప్రశ్న.

ఇక్కడ మాటల సంగతి ఒకటి చెప్పకపోతే తెలుగు మేష్టరుననిపించుకోను. మనం కారు వెనక సామాను అరను ‘డిక్కీ’ అంటాము గదా! పాతకార్లలో అక్కడ మూత తెరిస్తే పైకి లేచే చిన్న సీటుండేది. దానిపేరు డిక్కీ. సీటు పోయింది, పేరు మిగిలింది. అదనపు చక్రాన్ని ‘స్టెప్నీ’ అంటాము. వేల్సుదేశంలో లనెత్లీ అనే ఊళ్ళో స్టెప్నీ అనే వీధి ఉన్నది. 1904లో అక్కడ తయారైన అదనపు చక్రానికి ఆ వీధిపేరు పెట్టారు. ఆ దేశంలో ఆ మాట ఎవరికీ పట్టనిదైనా మన పలాస టైరుకొట్లలో రోజుకు నూరుసార్లు వినబడుతుంది. ఈ స్టెప్నీయే మాకు తర్వాత దారి చూపింది.

రంగుపొరలు

కారుమీది రంగు ఉల్లిపొరవంటిది. మడ్‌గార్డు అంచున చూపుడువేలి గోరంత మేర మేస్త్రీ ఉప్పుకాగితంతో మెల్లగా అరగదీశాడు. పైన ఆకుపచ్చ, దానికింద నలుపు, దానికింద, అంచుపొడుగునా మూడువేళ్ళ వెడల్పున తెల్లని పట్టీ, దానికి అడుగున కంపెనీవాడు వేసిన రంగు. నాలుగు మడ్‌గార్డులకూ ఈ తెల్లపట్టీ ఉన్నది. హెడ్‌లైట్ల చుట్టూ చూస్తే అద్దానికి అడ్డంగా ఏదో రేకు బిగించిన మరల గుర్తులు.

ఈ రెండూ కలిపి చదివితే సంవత్సరం దానంతటదే పలికింది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారు విశాఖపట్నంమీద, కాకినాడమీద బాంబులు వేశారు. తూర్పుతీరమంతా గడగడలాడిపోయింది. రాత్రిపూట దీపం బయటికి కనిపించకూడదు. కార్ల లైట్లకు నల్లని రేకు మూతలు పెట్టి, సన్నని చీలికనుంచి కాస్త వెలుగు మాత్రం పోనిచ్చేవారు. చీకట్లో ఎదురువచ్చేవారికి తెలియాలని మడ్‌గార్డుల అంచులకు తెల్లరంగు పూసేవారు. ఉద్దానం సముద్రపు ఒడ్డునే గదా! ఈ కారూ ఆ తెల్లకోక కట్టుకున్నది.

ఇప్పుడు వెనకాల ఉన్న ఇనుపకమ్ముల సంగతి. చట్రానికి బోల్టులతో బిగించిన దిట్టమైన స్టాండు అది. నాలుగు మూలలా నాలుగు రంధ్రాలు. విశాఖ పెద్దమనిషి పనివాడు “పెట్టెలు కట్టుకునేందుకు” అన్నాడట. అలా అనుకోవడంలో తప్పులేదు. అయితే మడ్‌గార్డు అంచునుంచి కారిన తెల్లరంగు ఆ స్టాండు కాలుమీద కూడా పడి ఉన్నది. మేస్త్రీ ఒక బోల్టు విప్పి స్టాండును కాస్త ఎత్తితే, దాని అడుగున తెలుపులేదు, కంపెనీరంగే ఉన్నది. అంటే తెల్లరంగు పూసేనాటికే స్టాండు అక్కడ ఉన్నది. యుద్ధం రోజుల్లోనో, అంతకుముందో దాన్ని బిగించారు.

మేస్త్రీ బీడీ ముట్టించుకుని, బండి వెనక నేలమీద చతికిలబడి అన్నాడు: “బావూ, పెట్టెలకోసమైతే స్టెప్నీని ఎందుకు పీకినారు?”

నిజమే. ఈ బండికి స్టెప్నీ వెనకాల ఉండాలి. దాన్ని మోసే కొక్కేనికి సంబంధించిన రంధ్రాలు అలాగే ఉన్నాయి. చక్రాన్ని మాత్రం ఎడమవైపు ఫుట్‌బోర్డుమీదికి మార్చి, ఇనుపపట్టీతో కట్టారు. ఆవైపు వెనకతలుపు మూసివేయడానికి కారణం కూడా అదే. చక్రం అడ్డం ఉంటే తలుపు తెరుచుకోదు. అంటే తలుపును ఎవరూ ‘పాడుచెయ్యలేదు’. ఆ తలుపు వెనకాల వచ్చిన మరోదానికి దారి ఇచ్చింది. మేస్త్రీ బండి కిందికి దూరి, వెనక స్ప్రింగు పట్టాలు లెక్కపెట్టాడు. అడుగున రెండు పట్టాలు వేరే ఇనుముతో, వేరే పనితనంతో ఉన్నాయి. “ఎనకాల గట్టి బరువే మోసింది” అన్నాడు. కుడివైపు ఫుట్‌బోర్డు కింద పొడుగునా మూడుచోట్ల గొట్టాన్ని పట్టుకునే ఇనుపపట్టీలున్నాయి. గొట్టం లేదు. స్టీరింగు పక్కన, కంపెనీవాడు పెట్టని పిడి ఒకటి అదనంగా ఉన్నది. వెనకరేకుమీద అరచేతి వెడల్పున రంగు పొక్కి కాలి, నల్లబడి ఉన్నది.

బరువు, గొట్టం, పిడి, కాలిన మచ్చ.

నేనూ మేస్త్రీ ఒకరినొకరం చూసుకున్నాము. ఆయన చిన్నతనంలో తన గురువు చెప్పిన మాట జ్ఞప్తికి వచ్చినట్టుంది. “బొగ్గుబండి!” అన్నాడు. అంతవరకు అరుగుమీద కూర్చుని మా తమాషా చూస్తున్న మామ్మగారు, “నానేటి సెప్పినాను?” అన్నారు.

బొగ్గుతో నడిచిన రోజులు

పెద్దవయసువారికి ‘బొగ్గుబస్సు’ అన్న మాట గుర్తుండవచ్చు. యుద్ధం రోజుల్లో 1941లో పెట్రోలుకు రేషను వచ్చింది. మరుసటి ఏడు బర్మా జపానువారి చేతికి పోయింది. మనదేశానికి పెట్రోలు పంపుతున్న అక్కడి నూనెబావులు అక్కరకు రాకుండా పోయాయి. ఉన్న కాస్త పెట్రోలు సైన్యానికే చాలదు. బస్సులు, లారీలు, డాక్టర్ల కార్లు ఎలా నడవాలి? అప్పుడు వచ్చినదే ఈ బొగ్గు గ్యాసు ఏర్పాటు. మన దేశంలోనే కాదు, పెట్రోలు కరువైన ఐరోపా దేశాల్లోకూడా లక్షలాది బండ్లు ఇలాగే నడిచాయి.

ఇది రైలింజనులాగా ఆవిరితో నడిచేది కాదు. బండి వెనక నిలువుగా ఒక ఇనుపపీపా ఉంటుంది. అందులో కట్టెబొగ్గు పోసి అడుగున నిప్పు పెడతారు. గాలి పూర్తిగా తగలనివ్వరు. బొగ్గుకు గాలి చాలినంత అందితే మండి బూడిదై ఊరుకుంటుంది. అరకొరగా అందితే కార్బన్ మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. ఆ వాయువుకు మండే గుణం ఉన్నది. దాన్ని గొట్టంలో చల్లార్చి, మసి పోయేటట్టు వడగట్టి, గాలితో కలిపి ఇంజనులోకి పంపితే పెట్రోలు ఆవిరి చేసే పనే అదీ చేస్తుంది. గాలి పాలు హెచ్చుతగ్గులు చేయడానికి డ్రైవరు దగ్గర ఒక పిడి ఉండాలి. మేము చూసిన అదనపు పిడి అదే.

అయితే బలం తక్కువ. పెట్రోలుతో పోలిస్తే ఇంజను శక్తి సగానికి దగ్గరగా పడిపోతుంది. బయలుదేరాలంటే ముందుగా చిన్న పంకాతో విసిరి నిప్పు రాజెయ్యాలి. మసి, బూడిద, గంటగంటకూ బొగ్గు పొయ్యడం సరేసరి. పైగా ఆ వాయువుకు రంగులేదు, వాసనలేదు. మూసిన షెడ్డులో రాజేస్తే మనిషి ప్రాణం తీస్తుంది. అందుకే యుద్ధం ముగిసి పెట్రోలు దొరకగానే జనం వీటిని పీకి పారేశారు. ఎవరు దాచుకుంటారు, పొగపొయ్యిని? అందుకే ఇప్పుడు ఇవి మచ్చుకైనా కనిపించవు.

మామ్మగారి నాన్నగారు ‘రంగం’ వెళ్ళి వచ్చిన మనిషి. మా ప్రాంతంనుంచి రంగూను వెళ్ళి రేవుల్లో, బియ్యపుమిల్లుల్లో పనిచేసి నాలుగురాళ్ళు వెనకేసుకున్నవారు ఊరూరా ఉండేవారు. ఆయన యుద్ధానికి ముందే తిరిగివచ్చి, తోట కొని, ఒక జమీందారీ కుటుంబం వాడి వదిలేసిన ఈ కారును కొన్నారు. టాపు కమ్మీలకు లోపలివైపు ఉన్న ఇత్తడిరింగులు ఆ కుటుంబంనాటివే. రాణివాసపు స్త్రీలు ప్రయాణం చేసేటప్పుడు తెరలు కట్టుకునేందుకు పెట్టించినవి. ఇల్లు మారాక ఆ తెరలు పోయాయి, పొయ్యి వచ్చింది.

“టెక్కలి ఆసుపత్రికి మా అమ్మని దీంట్లోనే తీసుకెల్లినారు బావూ! నా ఎనక తమ్ముడు కడుపున ఉండగా. రాత్రి. దీపం నేదు. ఎత్తు ఒచ్చినప్పుడల్లా మా అయ్యా, పాలికాపూ దిగి తోసీవోరు. నాను ఎనక్కి తిరిగి ఆ ఎర్రటి నిప్పే చూస్తా కూకున్నాను. బయమేసీది కాదు. ఇంట్లో పొయ్యిలాగే ఉండీది” అన్నారు మామ్మగారు.

ఇంట్లో అందరూ వింటున్నారు. ఈ కథ వాళ్ళు ఎన్నిసార్లు విన్నారో! అయినా ఆ రోజు విన్నట్టు ఎప్పుడూ విని ఉండరు.

తొట్టి

నాకు ఒక వెలితి మిగిలింది. స్టాండు దొరికింది, గొట్టం జాడ దొరికింది; పీపా ఏది? ఎనభై ఏళ్ళనాటి పాత ఇనుము. ఎప్పుడో కాటాకు పోయి ఉంటుందనుకున్నాము. కాఫీలు తాగి, కాళ్ళు కడుక్కుందామని పశువులశాల వైపు వెళ్ళాను. అక్కడ గేదె ఒకటి కుడితి తాగుతున్నది. తొట్టి సిమెంటుదికాదు, దళసరి ఇనుపరేకుతో చేసిన పీపాను నిలువునా సగానికి కోసి పడుకోబెట్టినది. ఒక కొసన గుండ్రని గొట్టపు మూతి. దానికి చెక్కబిరడా బిగించారు. ఇంకోకొసన అడుగున ఇనుపపాదాలు, వాటికి రంధ్రాలు.

కోసేశారు కాబట్టి పాదాలు రెండే మిగిలాయి. మేస్త్రీ ఒక కొబ్బరిఈనె తుంచి, రెండు రంధ్రాల నడుమ దూరాన్ని కొలిచి, గోరుతో గుర్తుపెట్టాడు. ఆ ఈనెను పట్టుకుని అందరం కారు దగ్గరికి నడిచాము. స్టాండుమీద పెట్టాడు. ఈ చివర ఈ రంధ్రం, ఆ చివర ఆ రంధ్రం — వెంట్రుకవాసి తేడాలేదు.

చిన్నమనవడు కుర్రవాడు, విశాఖలో చదువుతున్నాడు. ఇంట్లో మామ్మను ఎక్కువగా ఆటపట్టించేది వాడేనట. వాడు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, “మామ్మా! పొయ్యి ఉన్నాదే” అన్నాడు.

“నాను సెప్పీది అదే గదరా” అన్నదామె. అంతకుమించి ఒక్కమాట అనలేదు.

మతి తప్పిందని ఇల్లంతా అనుకున్న మనిషి మాట ఆ ఇంట్లో అందరి మాటలకంటే నిజమని తేలినరోజు అది. పురావస్తుశాఖవారు శాసనం చదివినప్పుడు పొందే ఆనందం ఎటువంటిదో నాకు తెలియదు. ఆ రోజు నాకు కలిగింది అటువంటిదే అయి ఉంటుంది.

అతికించినది తీసెయ్యాలా?

తర్వాత నేను నాలుగు పేజీల నివేదిక రాసి, ఫోటోలు జతచేసి, నా శిష్యుడి చేతికిచ్చాను. ఇందులో వ్యవహారంకూడా ఉన్నది. 2021లో కేంద్రప్రభుత్వం మోటారువాహనాల నియమాలను సవరించి, ఏభయ్యేళ్ళు దాటిన పాతబండ్లను ‘వింటేజి’ వాహనాలుగా రిజిస్టరు చేసుకునే వీలు కల్పించింది. నంబరుపలకమీద ‘వి.ఎ.’ అన్న అక్షరాలుంటాయి. కొత్తగా రిజిస్టరు చేయడానికి రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది. అయితే బండి అసలు స్వరూపంలో ఉండాలి. చట్రాన్ని, బాడీనీ, ఇంజనునూ చెప్పుకోదగినంతగా మార్చి ఉండకూడదని షరతు. కాబట్టి ‘ఇది కోసిన బండి’ అనడానికీ, ‘ఇది అసలు బండి, పైన బోల్టులతో బిగించినవి కొన్ని ఉన్నాయి’ అనడానికీ తేడా మాటల్లో మాత్రమే కాదు, ధరలోనూ ఉన్నది.

కొన్నవాళ్ళు సాధారణంగా చేసేదేమిటంటే, ఇటువంటి ‘అతుకులు’ అన్నీ పీకేసి, రంధ్రాలు పూడ్చి, తళతళలాడే రంగువేసి, ఫ్యాక్టరీనుంచి నిన్ననే వచ్చినట్టు నిలబెడతారు. తప్పనను. సి.పి. బ్రౌన్ దొరవారు నాలుగు ప్రతులు తెప్పించి, పండితులచేత పోల్చి చూపించి, శుద్ధప్రతి తయారుచేయించబట్టే గదా మనకు ఎన్నో కావ్యాలు దక్కాయి! అయితే ఆయన ఆ పాతప్రతులను తగలబెట్టలేదు. శుద్ధప్రతి పక్కనే అవీ ఉన్నాయి. కారు విషయంలో ప్రతి ఒక్కటే. మోడల్ ఎ ఫోర్డులు ప్రపంచంలో ఇంకా వేలకొద్దీ ఉన్నాయి. రాణివాసపు తెరల రింగులు, యుద్ధకాలపు తెల్లపట్టీ, బొగ్గుపొయ్యి స్టాండు — మూడూ ఒంటిమీద ఉన్నది ఉద్దానంలో ఈ ఒక్కటే నేను చూశాను.

నేలపలకలు కూడా ఇక్కడివే. కంపెనీవాడి చెక్క పాడైపోతే పనసపలకలు వేయించి, జీడిగింజల డొక్కనూనె పూశారు. పడవలకు చెదపట్టకుండా పూసే నూనె అది. కొసమెరుపు ఏమిటంటే, అదే నూనెనుంచి తీసిన సరుకును ప్రపంచమంతటా కార్ల బ్రేకు లైనింగుల తయారీలో వాడతారు. మన జీడితోట మోటారుకారుకు పరాయిది కాదు.

మీ ఇంట్లోనో, మీ తాతగారి ఊళ్ళోనో ఇటువంటి బండి ఉంటే ఒక మనవి. కడగకముందే నాలుగువైపులా ఫోటోలు తీయండి. ఇంజనుమీది అంకెలు, రేకుపలకలమీది అక్షరాలు రాసిపెట్టుకోండి. పనికిరాదనుకున్న ఇనుపముక్కను పారెయ్యకండి. అన్నిటికంటే ముందు, ఆ బండిలో కూర్చున్న మనిషి ఇంకా ఇంట్లో ఉంటే ఆమె పక్కన ఒక పూట కూర్చోండి. ఇనుము ఇంకో పదేళ్ళు ఆగుతుంది.

చివరికి ఏమయిందని అడుగుతారు. విశాఖ పెద్దమనిషి నా నివేదిక చదివి మళ్ళీ వచ్చారు. మంచి మనిషి, తన తొందరపాటును తానే ఒప్పుకున్నారు. ఈసారి ధర వేరుగా ఉన్నది. ఇంట్లో ఒక సంవత్సరం మందులఖర్చుకు వెరవనక్కరలేదని నా శిష్యుడు చెప్పాడు. అతను పెట్టిన షరతు ఒక్కటే: స్టాండు, రింగులు, తెల్లపట్టీ కదపకూడదు. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. తిరిగి ఆయనా ఒక షరతు పెట్టారు: ఆ సగం పీపాకూడా కారుతోనే రావాలి.

అందరూ సరేనన్నారు. మామ్మగారు మాత్రం అడ్డం పడ్డారు.

“తొట్టి పట్టుకుపోతే గేదికి కుడితి ఎందులో ఎడతార్రా?”

వారం తిరక్కుండా విశాఖనుంచి కారుకోసం లారీ వచ్చింది. ఖాళీగా రాలేదు. అందులో కొత్త సిమెంటుతొట్టి ఒకటి ఉన్నది.